తొంభై నాలుగు దగ్గర నిలిచిన ముల్లు

పత్తి సీజను మొదలైన పదో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు కృపమ్మ పికప్ పెద్దకడుబూరు దాటి ఆదోని రోడ్డెక్కింది. వెనక తొట్టి నిండా పత్తి బోరాలు. పక్క సీట్లో ఆమె భర్త భీమన్న. అతను ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి తోలే రోజుల్లో భార్య బండిలోనే పనికి పోతాడు.

ఆ మండలంలో సరుకు బండి నడిపే ఆడమనిషి కృపమ్మ ఒక్కతే. వయసు నలభై రెండు. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా అందరిలాగే పత్తి ఏరే కూలికి పోయేది. ఒకనాడు చేలో ట్రాక్టరు డ్రైవరు రాలేదు. వాన మబ్బు కమ్ముకొస్తోంది. ఏరిన పత్తంతా తడిసిపోతుందని రైతు తల పట్టుకున్నాడు. "నేను తోల్తా" అంది కృపమ్మ. అంతకు ముందు స్టీరింగు ముట్టింది లేదు. కానీ రెండు సీజన్లు ట్రాలీ మీద కూర్చుని డ్రైవరు చేతులూ కాళ్ళూ ఏం చేస్తున్నాయో చూస్తూనే ఉంది. మొదటి గేరు మార్చకుండా ఊరి దాకా తెచ్చేసింది. తర్వాత పదేళ్ళు ఆ రైతు దగ్గరే ట్రాక్టరు నడిపింది. లైసెన్సు తీసుకుంది. రెండున్నరేళ్ళ కింద ఈ పికప్ కొనుక్కుంది.

పొద్దున్నే ముఖం కడుక్కున్నాక ఆమె మొదటి పని బానెట్ ఎత్తడం. ఆయిల్ పుల్ల తీసి గుడ్డకు తుడిచి చూస్తుంది. కూలెంట్ నీళ్ళుండే తెల్ల డబ్బాలో గీత ఎక్కడుందో చూస్తుంది. బెల్టు వేలితో నొక్కుతుంది. అవన్నీ అయ్యాకే తాళం తిప్పుతుంది. ఆ రెండున్నరేళ్ళలో ఒక్కరోజు కూడా ఈ వరస తప్పలేదు.

ఆ రోజు ఏటవాలు ఎక్కుతుండగా తియ్యటి వాసన వచ్చింది.

"యాడన్నా బెల్లం కాస్తాండారేమో" అన్నాడు భీమన్న కిటికీలోంచి తల బయట పెట్టి.

కృపమ్మ వేడి చూపించే ముల్లు వైపు చూసింది. అది రోజూ ఉన్నట్టే నడిమధ్యన ఉంది. ఇంకో కిలోమీటరు పోయేసరికి బండి లాగడం తగ్గింది. ఇంజిన్‌లో ఎవరో లోపలి నుంచి సుత్తితో తడుతున్నట్టు చప్పుడు. ఆమె యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, బండిని రోడ్డు పక్కకు దించింది. తాళం తిప్పేలోగా ఇంజిన్ తనంతట తానే ఆగిపోయింది. ముల్లు ఇంకా నడిమధ్యనే ఉంది.

బానెట్ ఎత్తితే ఆవిరి గుప్పుమంది. తెల్ల డబ్బా ఖాళీ. కృపమ్మ వంగి బండి కింద చూసింది. నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క కారిన గుర్తు లేదు.

"పొద్దున నిండుగా ఉండె మామా" అంది ఆమె. "నా కండ్లతో సూసినా. అన్ని నీల్లు యాటికి పోతాయి?"

పత్తిని ఇంకో బండిలోకి ఎక్కించి, పికప్‌ను తాళ్ళతో ట్రాక్టరుకు కట్టి ఆదోని షోరూముకు చేర్చారు. వారంటీ ఇంకా ఆరు నెలలుంది.

నాలుగో రోజు షోరూము మేనేజరు పిలిపించాడు. ఇంజిన్ పై భాగం విప్పి ఉంది. సిలిండర్ హెడ్ వంకర పోయింది, పిస్టన్లు గీసుకుపోయి పట్టేశాయి. ఇంజిన్ మొత్తం మార్చాలి, వారంటీ రాదు అన్నాడు.

"ఏంటికి రాదు సార్?"

"నీళ్ళు లేకుండా నడిపితే ఏ కంపెనీ ఇస్తుందమ్మా? ముల్లు ఎర్ర గీత దాటినా నువ్వు ఆపలేదు."

"ముల్లు నడుమ నుంచి కదల్లేదు సార్."

"అందరూ ఇదే చెప్తారు." అతను భీమన్న వైపు తిరిగాడు. "నువ్వన్నా చూసుకోవద్దా అయ్యా? ఇవన్నీ ఆమెకేం తెలుస్తాయి?"

భీమన్న చేతులు కట్టుకుని నిలబడ్డవాడు చేతులు విప్పాడు. "నాకు బండి రాదు సార్" అన్నాడు. "ఏమన్నా అడగల్లంటే ఆమెనే అడుగు."

మేనేజరు ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. కృపమ్మ ఎనిమిది దాకా చదువుకుంది. కాగితాన్ని అక్కడే నిలబడి చదివింది. కారణం అన్న చోట రెండు మాటలు: డ్రైవరు నిర్లక్ష్యం.

ఇంజిన్ పోయిందన్న బాధ కంటే ఆ రెండు మాటలు ఆమెను ఎక్కువ కోసాయి. పదేళ్ళు ట్రాక్టరు, రెండున్నరేళ్ళు పికప్. ఒక్క మేకపిల్లకు కూడా గీటు పెట్టలేదు. కూలెంట్ వారానికో వేలు మందం తగ్గుతోందని తానే రెండుసార్లు సర్వీసులో చెప్పింది. ఎండలకు అట్లనే ఉంటుందిలే అని వాళ్ళే పంపించారు. ఇప్పుడు తప్పు తనది.

"బండి నాకియ్యండి" అంది. "విప్పిన సామాన్లన్నీ కూడా. కంప్యూటరు పెట్టి సూసినారు కదా, ఆ కాయితం కూడా."

ఎమ్మిగనూరులో మెకానిక్ సిద్దప్ప షెడ్డు పేరున్నది; కృపమ్మ బండిని అక్కడికి లాగించుకుపోయింది. అరవై దాటిన మనిషి. కుర్రతనంలో లారీల కింద పడుకుని నేర్చుకున్నాడు. పాత డీజిల్ ఇంజిన్ ఏదైనా చెవి పెట్టి విని రోగం చెప్పేవాడు. కొత్త పికప్‌లంటే మాత్రం దూరం. వైర్లు, సెన్సర్లు, కంప్యూటర్లు తన వల్ల కాదని వచ్చిన వాళ్ళను వెనక్కి పంపేవాడు. కృపమ్మనూ పంపబోయాడు.

"ఇది నా సేత కాదు తల్లీ. సదువుకున్నోళ్ళ పని ఇది."

"సదువుకున్నోళ్ళు సూసినారన్నా. సూసి నా పేరు రాసినారు" అని కాగితం చేతికిచ్చింది.

సిద్దప్ప కళ్ళద్దాలు సరిచేసుకుని చదివాడు. ఆమె ముఖం చూశాడు. కాగితం మళ్ళీ చూశాడు. లేచి బండి దగ్గరికి నడిచాడు.

హెడ్‌ను బల్ల మీద పెట్టి దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టాడు. మధ్యలో స్కేలు కింద నుంచి వెలుతురు కనిపించింది. అంత వంకర పోయింది. పిస్టన్లను వేలితో తడిమాడు. "ఎండి కాలిపోయింది" అన్నాడు. "నీల్లు ల్యాకుండా కనీసం కిలోమీటరు తిరిగింది. ఇంత కాలితే వేడి నూట ముప్పై, నూట నలభై దాటుంటాది."

కృపమ్మ అప్పటికి కంప్యూటరు కాగితం విప్పి కూర్చుంది. అన్నీ ఇంగ్లీషు మాటలే. కానీ అంకెలు అంకెలే కదా. వేడికి గుర్తుగా చిన్న సున్నా వేసిన వరస ఒకటి దొరికింది.

"అన్నా, ఈడ తొంభై నాలుగు అని ఉండాది. దాని పక్కన ఏందో రాసినారు సూడు."

ఆ పక్కనే సెల్లు దుకాణం నడిపే సునీతను పిలిచి చదివించారు. "ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు అన్నిటికంటే ఎక్కువగా నమోదైన వేడి" అని ఆమె అర్థం చెప్పింది. తొంభై నాలుగు డిగ్రీలు.

సిద్దప్ప హెడ్‌ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"తొంభై నాలుగుకు హెడ్ వంకర పోదు" అన్నాడు సిద్దప్ప మెల్లగా. "ఆ వేడి మంచి ఇంజిన్‌కు రోజూ ఉండేదే."

"అయితే నాకు ముల్లు నడుమనే కనపడింది నిజమే కదన్నా. వాళ్ళ కంప్యూటరు గూడా అదే సెప్తాంది." కృపమ్మ లేచి నిలబడింది. "ఆ వేడి సూసే సామాను యాడుంటాది? దాన్ని నాకు సూపియ్యి."

వేలెడంత ఇత్తడి సెన్సర్. ఇంజిన్‌లో నీళ్ళు పైకొచ్చే చోట, అన్నిటికన్నా ఎత్తున బిగించి ఉంది. సిద్దప్ప దాన్ని వైరు ఊడకుండా విప్పాడు. కృపమ్మ ఎదురుగా ఉన్న టీ బంకు నుంచి చెంబుడు మరిగే నీళ్ళు తెచ్చింది. తాళం తిప్పి ఆమె సీట్లో కూర్చుంది. సిద్దప్ప సెన్సర్‌ను నీళ్ళలో ముంచాడు.

"లేస్తాంది... లేస్తాంది... నడుముకొచ్చింది."

"ఇప్పుడు సూడు." అతను సెన్సర్‌ను పైకి తీసి, నీళ్ళకు రెండు వేళ్ళ ఎత్తున, ఆవిరిలోనే పట్టుకున్నాడు. కింద నీళ్ళు ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాయి.

ముల్లు జారడం మొదలుపెట్టింది. నడుము నుంచి కిందికి, ఇంకా కిందికి.

కృపమ్మ స్టీరింగు మీద చేయి వేసి ఆ ముల్లునే చూస్తూ కూర్చుంది. ఇంజిన్‌లో నీళ్ళు దిగిపోగానే పైనున్న సెన్సర్ గాలిలో పడుతుంది. దానికి నీళ్ళ వేడి తెలుస్తుంది కానీ కాలిపోతున్న ఇనుము వేడి తెలియదు. అంతా బాగుందనే చెప్తుంది; ఆ రోజు చుట్టూ ఉన్న వేడి గాలికి ముల్లు నడుమనే నిలిచింది. అది చెప్పిందే డ్రైవరు నమ్ముతాడు.

"నేను నిర్లక్ష్యం సేయలేదన్నా" అంది.

"సేయలేదు తల్లీ" అన్నాడు సిద్దప్ప. "ఇంగ నీల్లు యాటికి పోయినాయో తేలల్ల."

నీళ్ళు పోయే గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా విప్పారు. రబ్బరు గొట్టాలు బాగున్నాయి. రేడియేటరు బాగుంది. చివరికి ఇంజిన్ వెనక, ఇంజిన్‌లోకి గాలి కొట్టే టర్బో పైన, చెయ్యి పట్టని సందులో, మోచేయిలా వంగిన చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి కనిపించింది. దాని చుట్టూ ఎండిపోయిన గులాబీ రంగు మరక. కూలెంట్ రంగు అదే. సిద్దప్ప దాన్ని విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. పగులేమీ కనిపించలేదు.

సైకిలు ట్యూబు పంచరు చూసినట్టు చూద్దామంది కృపమ్మ. ఒక కొనకు బిరడా కొట్టి, రెండో కొనకు గాలి పంపు తగిలించి, తొట్టి నీళ్ళలో ముంచి గాలి కొట్టారు. ఒక్క బుడగ రాలేదు. సిద్దప్ప నిట్టూర్చాడు.

"సల్ల నీల్లు కదన్నా ఇవి" అంది ఆమె. "బండి సల్లగా ఉన్నప్పుడు నాకు గూడా ఏం కారలేదు. వేడి నీల్లలో పెడదాం."

ఈసారి టీ బంకు నుంచి బకెట్టుడు మరిగే నీళ్ళొచ్చాయి. గొట్టం మునిగి కాస్త వేడెక్కగానే, అచ్చు పోసిన అతుకు వెంట సన్నని దారంలా బుడగలు లేచాయి. పంపు గట్టిగా కొట్టేసరికి అతుకు విచ్చుకుని బుడబుడమంది. బయటికి తీసి చల్లార్చితే మళ్ళీ మూసుకుపోయింది.

సిద్దప్ప నేల మీద కూర్చుండిపోయాడు. కారిన నీళ్ళు నేల మీద పడకపోవడానికి కారణం కూడా అతనికి అప్పుడే అర్థమైంది. ఆ గొట్టం కారేది సరిగ్గా ఎర్రగా కాలే టర్బో మీద. చుక్క పడిందంటే ఆవిరే.

"బెల్లం వాసన" అంది కృపమ్మ. "అది కూలెంట్ కాలిన వాసనే."

"నలభై ఏండ్లు ఈ పని సేసినా" అన్నాడు సిద్దప్ప. "వేడి నీల్లలో పెట్టి సూడల్లని నాకు తట్టలేదు. నీకు తట్టింది."

ఆ మాట కృపమ్మకు లోపల ఎక్కడో తగిలింది. చేతికంటిన మసి గుడ్డకు తుడుచుకుంది.

ఒక్క బండిని చూపిస్తే కంపెనీ వినదని సిద్దప్పకు తెలుసు. పోయిన ఎండాకాలం చిప్పగిరిలో గిడ్డయ్య అనే అతని పికప్ కూడా ఇట్లనే పట్టేసిందని విన్నట్టు గుర్తు. అదీ ఇదే రకం బండి. మర్నాడే కృపమ్మ బస్సెక్కింది.

గిడ్డయ్యది యాభై ఏళ్ళుంటాయి. ఇంటి ముందు కంపచెట్టు కింద అతని బండి మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. ఏం పని మీద వచ్చిందో చెప్పగానే అతని ముఖం ముడుచుకుపోయింది.

"దాని మాట ఎత్తొద్దమ్మా. ఇంజిన్ కాల్చినోడు అని పేరొచ్చింది నాకు. మా ఊర్లో ఎవురూ తోలను బండి ఇయ్యడంల్యా. ఉల్లిగడ్డ కోతకు కూలికి పోతాండాను."

"నీ కాయితం ఉండాదా అన్నా?"

భార్య బసమ్మ లోపలి నుంచి ట్రంకు పెట్టెలోని కాగితం తెచ్చింది. కారణం: డ్రైవరు నిర్లక్ష్యం. కింద వేడి వరస. తొంభై ఒకటి.

కృపమ్మ ఆ అంకె మీద వేలు పెట్టి అతనికి చూపించింది. ముల్లు సంగతి, గొట్టం సంగతి చెప్పింది. గిడ్డయ్య మొదట నమ్మలేదు. ఆమె స్పానరు తీసుకుని అతని బండి కిందికి దూరింది. అరగంట తర్వాత మోచేతుల దాకా మసితో బయటికొచ్చి, విప్పిన ప్లాస్టిక్ గొట్టాన్ని అతని అరచేతిలో పెట్టింది. అదే చోట గులాబీ మరక. బసమ్మ పొయ్యి మీద నీళ్ళు కాచింది. సైకిలు పంపు పక్కింట్లో దొరికింది. నీళ్ళలో బుడగలు లేస్తుంటే గిడ్డయ్య గడప మీద కూలబడి మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు.

"ఎనిమిది నెలలు" అన్నాడు తువ్వాలు లోపలి నుంచే. "ఎనిమిది నెలల నుంచి నేనే యాడో సూడకుండా పోయింటా అనుకుంటాండా."

గూడూరులో ఇట్లనే పట్టేసిన ఇంకో బండి దొరికింది. తర్వాత ఆదోని యార్డు. ఆ రకం పికప్‌లు పత్తి తెచ్చేవి ఆ వారంలో పదకొండు కనిపించాయి. కృపమ్మ ఒక్కొక్క డ్రైవరు దగ్గరికీ పోయి బానెట్ ఎత్తమంది. మొదటి రోజు నవ్వారు. సొంత ఇంజిన్ పోగొట్టుకుని మా బండ్లకు వైద్యం చేస్తావా అన్నాడొకడు. భీమన్న భుజం మీది బోరాను దించి, అతని దగ్గరికొచ్చి చెప్పాడు. "నవ్వేదుంటే బానెట్ ఎత్తి సూసినాక నవ్వప్పా."

ఎత్తి చూశారు. ఆ బండిలో టర్బో పైన అరచేతి వెడల్పు గులాబీ మరక ఉంది. అతను మళ్ళీ నవ్వలేదు. వారం తిరిగేసరికి పదకొండు బండ్లలో ఏడింటికి మరక ఉందని తేలింది. అప్పటి నుంచి ఆమె యార్డు గేటు దాటి లోపలికి రాగానే డ్రైవర్లే "అక్కా, నాది సూడు" అని పిలవడం మొదలుపెట్టారు.

సునీత సాయంతో ఫోటోలు, కాగితాలు, పదకొండు మంది సంతకాలు అన్నీ కలిపి కంపెనీకి పంపింది. మేనేజరు రెండుసార్లు ఫోన్ చేసి ఇదంతా ఎందుకమ్మా అన్నాడు. మూడో వారంలో కంపెనీ ఇంజినీరు ఒకతను హైదరాబాదు నుంచి ఆదోని వస్తున్నాడని కబురొచ్చింది.

షోరూము ఆవరణలో ఆ మధ్యాహ్నం పికప్‌లు వరసగా నిలబడ్డాయి. సిద్దప్ప ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. గిడ్డయ్య చిప్పగిరి నుంచి తన గొట్టాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఇంజినీరు నలభై ఐదేళ్ళ మనిషి, తక్కువ మాట్లాడేవాడు. సిద్దప్ప వైపు చూసి, "చెప్పండి" అన్నాడు.

సిద్దప్ప పక్కకు జరిగాడు. "కనుక్కున్నది ఆయమ్మ. ఆయమ్మే సెప్తాది."

కృపమ్మ ముందుకొచ్చింది. చుట్టూ అంతమంది. కానీ చేతులు ఆగలేదు. సెన్సర్ విప్పింది, మరిగే నీళ్ళలో పెట్టింది. ఇంజినీరును సీట్లో కూర్చుని ముల్లు చూడమంది. ముల్లు లేచింది. నీళ్ళ పైకి తీసింది. ముల్లు పడిపోయింది. ఇంజినీరు సీట్లోంచి లేచాడు. దిగి వచ్చి, తానే సెన్సర్ పట్టుకుని, ఇంకోసారి చేసి చూశాడు. తర్వాత తన బండివి, గిడ్డయ్యవి, గూడూరు బండివి గొట్టాలు. చల్ల నీళ్ళలో బుడగ లేదు. వేడి నీళ్ళలో మూడు గొట్టాలూ ఒకే అతుకు దగ్గర విచ్చుకున్నాయి. ఆయన చొక్కా చేతులు తడుస్తున్నా చూసుకోకుండా బకెట్టు మీదికి వంగి చాలాసేపు ఉండిపోయాడు.

లేచి మేనేజరును అడిగాడు. "స్కాన్ రిపోర్టులో తొంభై నాలుగు ఉంటే, డ్రైవరు నిర్లక్ష్యం అని మీరెలా రాశారు?"

మేనేజరు తల దించుకుని రిపోర్టు కాగితాలు తిరగేశాడు.

ఇంజినీరు ఆమెను లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. కంపెనీ తరఫున కొత్త ఇంజిన్ వేయిస్తానన్నాడు. సాయంగా, మంచి మనసుతో ఇస్తున్నట్టు కాగితం రాసుకుందామన్నాడు.

కృపమ్మ కుర్చీలో కూర్చోలేదు. "సాయం అంటే ఏంది సార్? తప్పు నాదే, మీరు దయదలిచి ఇచ్చినారు అనా?"

"అలా కాదమ్మా. కంపెనీ పద్ధతి అది. ఇంజిన్ అయితే వస్తుంది కదా."

"ఇంజిన్ కావల్ల సార్. అది ల్యాకుంటే నాకు బువ్వ ల్యాదు. కానీ ఆ కాయితం మీద నా పేరు పక్కన రెండు మాటలు రాసినారు. అవి అట్లనే పెట్టి ఇంజిన్ ఇస్తే నేను తీసుకోను. గొట్టం మీది. అది పగిలింది. ముల్లు మీది. అది అబద్ధం సెప్పింది. అదే రాయండి. నాకే కాదు, గిడ్డయ్యన్నకు గూడా రాయల్ల. గూడూరు బండికి గూడా."

భీమన్న తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇంజిన్ చేతికందే దాకా వచ్చి పోతుందేమోనని అతనికి భయమేసింది. అయినా ఒక్క మాట అడ్డం రాలేదు.

ఇంజినీరు చేతిలోని పెన్ను పక్కన పెట్టాడు. "నా చేతిలో లేదమ్మా అది" అన్నాడు. "కానీ నేను చూసింది చూసినట్టు రాస్తాను. నా సంతకంతో రాస్తాను."

ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు ఏ కబురూ లేదు. సీజను సగం అయిపోయింది. కృపమ్మ మళ్ళీ పత్తి కూలికి పోయింది. పక్క సాలులో వంగిన అంజినమ్మ, "వచ్చే ఇంజిన్ వద్దని సెప్పొస్తివంట కదే" అంది. "వద్దనలేదక్కా. రాసేది సరిగ్గా రాసి ఇమ్మన్నా" అని కృపమ్మ తల ఎత్తకుండా ఏరుతూనే పోయింది. లోపల దిగులు లేకపోలేదు. రోజూ మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు ఫోను ఒకసారి తీసి చూసుకునేది.

ఇరవై ఏడో రోజు ఆ ఫోను మోగింది. ఇంజినీరే. కాగితం షోరూముకు పంపామని, పోయి తీసుకోమని చెప్పాడు. "ఇంకో మాట" అన్నాడు. "ఆ రకం బండ్లన్నిటికీ ప్లాస్టిక్ గొట్టం తీసేసి ఇనుప గొట్టం వేస్తున్నాం. నీళ్ళు తగ్గితే వెలిగే లైటు కూడా పెడుతున్నాం. మీరు చేసిన వేడి నీళ్ళ పరీక్షే మా ల్యాబులో చేసి చూశారమ్మా."

షోరూములో మేనేజరు లేచి నిలబడి కవరు ఇచ్చాడు. కృపమ్మ ముందులాగే అక్కడే నిలబడి చదివింది. గొట్టం తయారీలో లోపం వల్ల ఇంజిన్ చెడిపోయిందని, డ్రైవరు నిర్లక్ష్యం ఏమాత్రం లేదని, ముందు ఇచ్చిన కాగితం రద్దయిందని రాసి ఉంది. రెండుసార్లు చదివి భీమన్నకు ఇచ్చింది. అతనికి చదువు రాదు. అయినా కాగితాన్ని పై నుంచి కింది దాకా చూసి, మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, యార్డుకు పోయే దారంతా ఎదురైన ప్రతి డ్రైవరుకూ తీసి చూపించాడు.

కొత్త ఇంజిన్‌ను షోరూములో బిగిస్తామన్నారు. బిగించేటప్పుడు సిద్దప్ప పక్కనుండాలని కృపమ్మ పట్టుబట్టింది. అతను రెండు రోజులూ అక్కడే ఉన్నాడు. మొదటి రోజు చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. రెండో రోజుకు అక్కడి మెకానిక్కులే, "పెద్దాయనా, ఈ బోల్టు సరిగ్గా కూర్చుందా?" అని అడిగారు. కంప్యూటరు తగిలించడం వాళ్ళు అతనికి చూపించారు. ఇంజిన్ చప్పుడు వినడం అతను వాళ్ళకు చూపించాడు.

పది రోజుల తర్వాత గిడ్డయ్య బండికీ ఇంజిన్ వచ్చింది. దాన్ని బిగించి ఇంటికి తెచ్చిన రోజు కృపమ్మను రమ్మని అతను కబురు పెట్టాడు. ఆమె, భీమన్న, సిద్దప్ప ముగ్గురూ పోయారు. చిప్పగిరిలో అతని ఇంటి ముందు ఊరి వాళ్ళు పది పన్నెండు మంది మూగి ఉన్నారు. గిడ్డయ్య తాళాలు తెచ్చి కృపమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వే స్టార్టు సెయ్యమ్మా. నీ వల్లనే వచ్చింది."

"నీ బండి నేనేంటికి తోల్తానన్నా?" ఆమె తాళాలు మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది. "నువ్వు డ్రైవరువి. ఎక్కు."

గిడ్డయ్య ఎక్కాడు. పది నెలలు కూలికి పోయిన చేతులు స్టీరింగు మీద ఒకసారి ఆగాయి. తాళం తిప్పాడు. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుని, నిలకడగా తిరగసాగింది. సిద్దప్ప బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. తల ఊపాడు.

గుంపులోంచి ఒక రైతు ముందుకొచ్చాడు. "గిడ్డన్నా, రేపు నా ఉల్లిగడ్డ తోల్తావా?"

గిడ్డయ్య ఇంజిన్ ఆపాడు. దిగి బానెట్ ఎత్తాడు, ఆయిల్ పుల్ల తీసి తుడిచి చూశాడు, నీళ్ళ డబ్బా చూశాడు. బానెట్ మూసి, తల ఎత్తి నిలబడి, "పొద్దున ఆరుకు సరుకు కట్టి పెట్టు" అన్నాడు.